మోకాలెత్తు

వ్యవసాయ సారు చెప్పిండని
ఎకరానికి పది కట్టెలు పాతినం,
కొసకు అడ్డంగ ఇంకో పుల్ల కట్టి.
పిట్టలొచ్చి వాలుతయట, పురుగుల ఏరుక తింటయట.
పసుల పోలిగాడు వచ్చిండు.
పాలపిట్ట ఒక పూట కూసుండి పోయింది.
నేను చెప్పేది వాటి ముచ్చట కాదు.

ఆ కట్టె దిక్కు తల కూడ ఎత్తనిది ఒకటున్నది.
దాని లోకమంత మోకాలెత్తు.
పత్తి మొదలు కాడికెల్లి మూడో కొమ్మ దాక,
ఆడికెల్లి గెట్టు మీది తుమ్మకంప,
కంప దిగితే ఒర్రె, ఒర్రెల తుంగ.
విచ్చిన రెండు కాయల పత్తంత బరువుంటదేమో.
నెత్తి బూడిద, కడుపు తుప్పు,
కన్ను అచ్చం గురిగింజ.
తోక మాత్రం ఒంటికి కుదరలేదు,
అక్క గౌను తొడుక్కున్న చెల్లె లెక్క
ఎప్పుడు ఎత్తిపట్టుకొనే తిరుగుతది.

బడి సారు పుస్తకంల
లొట్టకన్ను జిట్ట అని రాసున్నదట.
మా వాడకట్టుల దానికి పేరు లేదు.
పేరు లేదు గనుక తిట్టు కూడ లేదు.

అది తినుడు నేను చూసిన,
గుంటుక ఆపి ఎద్దులకు నీళ్లు పెట్టినప్పుడు.
ఆకు మీద కాదు, ఆకు కింద.
తలకిందులైతది. ఈనె ఈనె దేవులాడుతది.
పచ్చదోమ. ఒకటి. మల్లొకటి.
పేనుబంక కాడికొచ్చిన చీమ.
చుట్టుకున్న ఆకును విప్పి లోపలి పురుగును గుంజి
కొమ్మకు రెండు దెబ్బలు కొట్టి మింగుతది,
మా అత్త తమలపాకు తొడిమ తుంచినంత అలకగ.
సాలీడును సుత విడువది.
సాలీడు రైతుకు మేలు చేసేదని
దానికెవరు చెప్పాలె?
కాయల దూరిన గులాబి పురుగును మాత్రం తియ్యలేదు.
ముక్కు సాలది.
ఆ బాకీ దానిది గాదు.

ఉలిక్కిపడితే రెక్కలల్ల చిటచిట చప్పుడు.
మా ఓదెలు మొదటిసారి విని
మోటరు డబ్బల వైరు కాలుతున్నదని
బురదల పడి ఉరికిండు.
పొద్దుమూకె దాక స్టార్టరు విప్పుకుంట కూసున్నడు.
నేను చెప్పలే.
నవ్వు పళ్ల కింద పెట్టుకొని కలుపు తీసిన.

శ్రావణంల, నాలుగో మందు కొట్టేనాడు,
వీపు మీద పంపు, మూతికి పాత చీరె పీలిక.
ఏడో సాలుల రెండాకులు అంటుకొని ఉన్నయి.
తెగులనుకొని వంగిన.
కుట్టు.
సాలెగూడు దారం, లోపట నిరుటి పత్తి పీచు,
మూడు గుడ్లు, కొత్త ఇటుక రంగు,
నూనె రాసినట్టు మెరుపు.
నెక్కొండ దిక్కు ప్యాసింజరు కూతేసింది.
పంపు కొట్టే చెయ్యి ఆగింది.

దయ అనకున్రి.
ఆ మందు అప్పుతోని తెచ్చింది,
మూత మూతకు లెక్కున్నది నా దగ్గర.
మరెందుకు ఆపిన్నో నాకే ఎరుక లేదు.
ఏడు, ఎనిమిది, తొమ్మిది సాళ్లు దాటుకొని పోయిన.
ఓదెలు అడిగిండు.
పంపు జామైందన్న.
మూడు సాళ్లకే జామైతదా, అన్నడు.
నా మొఖం చూసి మల్ల అడగలే.

ఆ సాళ్లల్ల ఆకు దొప్పలు తిరిగింది నిజమే.
ఎనుమాములకు బస్తాలెత్తేటప్పుడు
ఆ పత్తిని ఏరుగ తూచలే.
తూస్తే తెలుస్తది.
తెలిస్తే వచ్చే ఏడు
ఏడో సాలు కాడ నిలబడి ఆలోచించాలె.

మాఘంల యంత్రమొచ్చి పత్తికట్టెను నుగ్గు చేస్తుంటే
అది ఒర్రె తుంగలకు మారింది,
అక్కడ కూడ మోకాలెత్తే.
పాతిన పది కట్టెలల్ల తొమ్మిది పొయ్యిల కాలినయి.
పదోదాని మొదట్ల, ఒంగిన గడ్డిపరక మీద,
తోకెత్తి,
మంచుకు తడిసిన సాలీడును
ముక్కున అటొకసారి ఇటొకసారి తిప్పుతున్నది,
ఏ దిక్కుకెల్లి మింగాలెనో
ఇంక తేలక.